తాతబాబు వెనక చక్రం

జగ్గయ్య ఆ వంకర సైకిలు తెచ్చి నా కొట్టు ముందు పడేసినప్పుడు నేనన్న మొదటి మాట "తీసుకుపో" అని.

పాత పోస్టాఫీసు దగ్గర నాది సైకిలు రిపేరు కొట్టు. నీలకంఠం కొట్టు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. చూపిస్తూ, "మనిషికి కొంచెం నోటి దురుసు, చూసుకో" అని కూడా చెబుతారు. అందులో అబద్ధమేమీ లేదు. పనికిరాని వస్తువుని పనికొస్తుందంటూ మోసుకొచ్చేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

జగ్గయ్య పోర్టులో సరుకు మోసే కలాసీ. ఏదో తెల్లవాళ్ళ ఓడలో నావికుడొకడు రేవుల్లో దిగి తిరగడానికని సొంత సైకిలు వెంట తెచ్చుకున్నాడట. జెట్టీ మీద నిలబెట్టిన ఆ సైకిలు మీద క్రేను నుంచి చెక్కపెట్టె జారిపడింది. నావికుడు కాసేపు దాన్ని చూసి, నవ్వేసి, జగ్గయ్యకి ఇచ్చేసి ఓడెక్కిపోయాడట. ఏ దేశం ఓడ అంటే రష్యా అన్నాడు. కాసేపాగి పోలండు అన్నాడు. జగ్గయ్యకి పొగగొట్టం ఉన్న ఓడలన్నీ ఒకటే.

"ఇనప సామాను కొట్టుకి పట్టుకెళ్ళు. నా కొట్టు దిబ్బ కాదు," అన్నాను.

"నానూ అదే అన్నాను మేస్త్రీ. మా బావ ఇంటేనా? దీన్లో ఏటో ఉన్నాదంటాడు."

ఆ బావ అప్పటికి రోడ్డు దాటి వస్తున్నాడు. ఎడమ కాలు ఈడుస్తూ, ఒక చేత్తో తన పాత సైకిలు పట్టుకుని. అతని పేరు తాతబాబు. జాలరిపేట మనిషి, జగ్గయ్య చెల్లెలు పోతమ్మ మొగుడు. ఒకప్పుడు అతను పడవ మీద నిలబడి వల విసిరితే ఒడ్డున ఉన్నవాళ్ళు పని ఆపి చూసేవారని పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకనాడు కెరటం పడవని తిప్పేసినప్పుడు మోకాలు దాని కింద నలిగింది. కాలు నిలిచింది గానీ బలం రాలేదు. ఇసకలో పడవ తోయలేనివాణ్ణి పడవలోకి ఎవరూ పిలవరు.

అప్పట్నుంచి సైకిలు వెనక చేపల పెట్టెలు కట్టుకుని అమ్ముతున్నాడు. కొనేవాళ్ళు పైన, వాల్తేరు అప్‌లాండ్స్ బంగళాల్లో. బీచి దగ్గర్నుంచి అక్కడికి ఎక్కే రోడ్డు ఉంది చూశారూ, రెండు కాళ్ళూ బాగున్నవాడికే నాలుక బయటికొస్తుంది. తాతబాబు దాని కింద దిగిపోయి, హ్యాండిలు మీద గుండె ఆనించి, తల వంచి, ఒంటికాలి బలంతో తోసుకుంటూ వెళ్ళేవాడు. పైకి చేరేసరికి మిగతా సైకిళ్ళవాళ్ళు బంగళాలన్నీ తిరిగేసి ఉండేవాళ్ళు. మంచు కరిగి పెట్టెలోంచి కారుతుండేది. మెత్తబడ్డ చేపలు అలాగే కిందికి దిగేవి.

చూడలేక జగ్గయ్య ఒక ఉద్యోగం కుదిర్చాడు. ఎనభై ఒకటో సంవత్సరం అది. ఊరంతా స్టీలుప్లాంటు కబుర్లే, ఎక్కడ చూసినా లారీలే. ఒక కంట్రాక్టరుకి పెందుర్తిలో సిమెంటు గోడౌను ఉంది, కాపలాకి మనిషి కావాలి. వచ్చే సోమవారం చేరాలి. పడుకోవడం, వంట, అన్నీ అక్కడే.

"కూకుని తినే ఉద్యోగం మేస్త్రీ! కాలికి పనే నేదు," అన్నాడు జగ్గయ్య.

తాతబాబు నా వైపు చూశాడు. "పెందుర్తిలో సముద్రం ఏ పక్కనుంటాదో కూడా తెల్దు. పుట్టిన కాడ్నుంచి అలల సప్పుడు ఇనకండా ఒక్కపాలి కూడా పడుకోనేదు నాను. అక్కడ సిమెంటు బస్తాల్ని సూసుకుంటూ ఏటి సేత్తాను?"

 ఆ మాట నిజమే, అందుకే నాకు కోపం వచ్చింది. "అయితే దీన్తో ఏటి సేత్తావు? ముందు చక్రం ఎనిమిదంకె అయిపోనాది, ఫ్రేము విరిగిపోనాది!"

అతను వంగి ఆ వంకర సైకిలు వెనక చక్రాన్ని తిప్పి చూపించాడు. "ఇది సూడు. మా బావ కళ్ళారా సూసాడంట. ఓడలోంచి దించిన వాలు బల్ల మీద ఆ తెల్లోడు సైకిలు దిగకండా ఎక్కేసాడంట. కాళ్ళు మాత్రం గిరగిరా తిరిగేయంట, సైకిలు నిదానంగా ఎల్లిందంట. ఆయాసమే నేదంట."

అప్పుడు చూశాను. మన సైకిలుకి వెనక ఒకటే పళ్ళచక్రం ఉంటుంది, ఫ్రీవీలు అంటాం. దీనికి అయిదు ఉన్నాయి. గిన్నెలు పెద్దా చిన్నా వరసగా బోర్లించినట్టు, ఒకదాని పక్కన ఒకటి, ఒకటే గుత్తి. కింద వేలాడుతున్న చిన్న చక్రాల తొడుగు చైనుని లాగి పట్టుకుంటుంది. హ్యాండిలు దగ్గర మీట కదిపితే ఆ తొడుగు పక్కకి జరిగి చైనుని ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి తోస్తుంది. గేరు సైకిళ్ళ సంగతి విన్నానే గానీ వేలితో ముట్టింది లేదు. అంత పెద్ద చెక్కపెట్టె పడినా ఆ గుత్తికి గీత కూడా పడలేదు.

"దీన్ని నీ సైకిలు చక్రానికి ఎక్కించమంటావు."

"ఎక్కుతాదా?"

"నాకేటి తెల్సు! ఆ దేశపోడు మననడిగి సేసాడేటి?" అని అరిచాను. కానీ అప్పటికే నా చేతులు గుడ్డ తీసి దాన్ని తుడుస్తున్నాయి.

ముందు ఆ గుత్తి ఊడాలి కదా. పానా పెట్టడానికి బయట అంచే లేదు. లోపల, ఇరుసు పక్కన, ఎదురెదురుగా రెండు చిన్న గాళ్ళున్నాయి. వాటిల్లో సరిగ్గా కూర్చునే ఇనప ముక్క ఏదో ఆ దేశంలో ఉంటుంది. ఉలి పెట్టి కొడితే గాడి విరుగుతుంది, విరిగితే కథ అంతటితో సరి. లేతు మిషను నడిపే ఎల్లాజీ దగ్గరికి చక్రం భుజాన వేసుకుని నడిచాను. ఎల్లాజీ కొలిచి, రెండు పళ్ళున్న ముక్క కోసిచ్చాడు. మొదటిది మెత్తబడి వంగిపోయింది. మళ్ళీ కోసి, కొలిమిలో కాల్చి, నూనెలో ముంచి ఇచ్చాడు.

ఆ ముక్కని నా బల్ల మీది వైసులో, ఇనప దవడల మధ్య, బిగించి, గాళ్ళు దాని మీద కూర్చునేట్టు చక్రాన్ని బోర్లా పెట్టాం. ఇక పానా అక్కర్లేదు, చక్రమే పానా. నేనొక పక్క, తాతబాబు ఒక పక్క రిమ్ము పట్టుకుని, లారీ స్టీరింగు తిప్పినట్టు తిప్పాం. కదల్లేదు. ఆ నావికుడు ఎన్ని రేవుల్లో ఎంత తొక్కాడో, తొక్కిన ప్రతిసారీ అది ఇంకాస్త బిగుసుకుంది. తాతబాబు చొక్కా విప్పేశాడు. అప్పుడు చూశాను అతని భుజాలు. కాలు పోయింది గానీ వల లాగిన భుజాలు ఎక్కడికీ పోలేదు. "ఏసెయ్, ఐలేసా!" అని పడవ తోసేటప్పుడు అరిచినట్టు అరిచి ఒక్క ఊపు ఊపాడు. కిర్రుమంది, ఊడింది. నేను రిమ్ముతో సహా వెళ్ళి గోడకి గుద్దుకున్నాను.

ఇప్పుడు అసలు భయం. తాతబాబు చక్రం మనదే, ఎక్కడో పంజాబులో చేసింది. దాని నడుమ ఉండే హబ్బు మీద మరలు పంజాబువాడు కోశాడు. ఈ గుత్తి లోపల మరలు పేరు కూడా సరిగ్గా తెలియని దేశంలో ఎవడో కోశాడు. ఆ మర, ఈ మర ఒకటి కాకపోతే దేవుడు దిగొచ్చినా ఎక్కదు. నేను హబ్బు తుడిచి, చుక్క నూనె వేసి, గుత్తిని దాని మీద పెట్టి వేళ్ళతో మెల్లగా తిప్పాను. పట్టుకుంది. ఇంకా తిప్పాను. అడ్డం లేకుండా, వెన్నలా, చివరికంటా వెళ్ళి కూర్చుంది.

నేను చెయ్యి తీసేశాను. చెయ్యి తుడుచుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను. వాడెవడో, వీడెవడో. ఒకడి మొహం ఒకడు చూడలేదు, ఒకడి భాష ఒకడికి రాదు. ఇద్దరూ ఒకే కొలత పట్టుకుని ఎవరి మూల వాళ్ళు కూర్చుని కోస్తే, రెండూ వచ్చి పాత పోస్టాఫీసు దగ్గర నా కొట్టులో కలిశాయి. గుళ్ళో హారతి కళ్ళకద్దుకునేటప్పుడు కూడా నాకు అలా అనిపించలేదు.

"ఏటైనాది మేస్త్రీ?" అన్నాడు తాతబాబు గాబరాగా.

"ఏటీ నేదు. కూకో," అన్నాను.

తర్వాతంతా చాకిరీ. అయిదు చక్రాల గుత్తి లావు, మన ఫ్రేములో పట్టదు. పొడుగు ఇరుసు వేశాను, ఫ్రేము కాళ్ళ మధ్య చెక్కముక్క కొట్టి వెడల్పు చేశాను. అప్పుడు రిమ్ము ఒక పక్కకి వెళ్ళిపోయింది. దాన్ని మధ్యకి తేవడానికి ఒక వైపు స్పోకులు బిగించి, ఒక వైపువి సడలించి, తిప్పి చూసి, మళ్ళీ బిగించి. చైనుని తోసే తొడుగునీ, మీటనీ, ఆ చైనునీ కూడా విప్పి ఇటు బిగించాను. ఆ చైను సన్నం, మన సైకిలు పెడళ్ళ దగ్గరి చక్రం పళ్ళు మందం. ఒక్కో పన్నునీ రెండు వైపులా ఆకురాయితో అరగదీస్తే గానీ చైను కూర్చోదు.

ఆ పని తాతబాబుకిచ్చాను. పెట్టె మీద కూర్చుని, చేప పొలుసు తీసే ఓపికతో ఒక్కో పన్నూ రుద్దుతూ కబుర్లు చెప్పేవాడు. ఎక్కువగా వాళ్ళ తాత కబుర్లు.

"మా తాతని సూపు తాత అనేవోరు. పడవెక్కేవోడు కాదు. కొండ మీద నిలబడి నీళ్ళు సూసేవోడు. సేపల గుంపు ఎటెల్తందో అక్కణ్ణుంచి గుడ్డ ఊపి సెప్తే, కింద పడవోళ్ళు అటు తిప్పి వల సుట్టేవోరు. ఆ కొండెక్కే తోవ ఇప్పుడు కంచెలేసి మూసేసారు. ఆ పని తెలిసినోడూ నేకపోనాడు. ఇప్పుడు సముద్రంలో తడుముకోవడమే."

"మీ తాత కళ్ళు నీకొచ్చేయేటి?"

"ఒచ్చేయో రానేదో. ఒడ్డున నిలబడితే నీటి మీద నీరే కనబడతాది. ఎత్తు మీదకెల్తే గదా తెలిసేది."

చేపలవాళ్ళ గొప్పలు పుట్టినప్పట్నుంచీ వింటున్నాను. "పళ్ళు సూసి రుద్దు, ఏలు తెగుద్ది," అన్నాను.

శనివారం సాయంత్రానికి అన్నీ కుదిరాయి. సైకిలుని స్టాండు మీద ఎత్తి, పెడలు చేత్తో తిప్పుతూ, మీట మెల్లగా లాగాను. చైను ఒక్కసారి తడబడి, టక్కున ఎగిరి పక్క పళ్ళచక్రం మీద కూర్చుంది. ఇంకాస్త లాగాను, దాని పక్కదాని మీదికి ఎక్కింది. మెట్లెక్కినట్టు ఎక్కింది, దిగమంటే దిగింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగిపోయారు. బండి మీద జీళ్ళు అమ్ముకునే అప్పలసూరి బేరం వదిలేసి వచ్చి, చైనుకి ప్రాణం ఉందేమో అన్నట్టు వంగి చూశాడు. చైను చిన్న పళ్ళచక్రం మీద ఉన్నప్పుడు పెడలు ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం గిర్రుమంటుంది. పెద్ద పళ్ళచక్రం మీద ఉన్నప్పుడు పెడలు అంతే తిప్పినా వెనక చక్రం తాపీగా తిరుగుతుంది, కానీ దాన్ని చేత్తో ఆపబోతే ఆగదు. అదే దాని కిటుకు. బరువు ఎక్కడికీ పోలేదు. చిన్న చిన్న ముక్కలు చేసి కాలికిస్తోంది.

తాతబాబు తన ఎడమ చేత్తో, ఒక్క వేలితో, పెడలు నొక్కి తిప్పాడు. నొక్కుతూనే ఉన్నాడు, చాలాసేపు. 

"నువ్వు దీని మీద ఆ ఎత్తు ఎక్కితే సరే బావ," అన్నాడు జగ్గయ్య. "సోమవారం నాను నీ బట్టల సంచీ పట్టుకుని కిందే ఉంటాను. ఎక్కకపోతే ఇట్నుంచిటే పెందుర్తి బస్సు. మాటంటే మాటే."

"మాటే," అన్నాడు తాతబాబు.

సోమవారం పొద్దున్న ఎత్తు కింద రామలక్ష్మమ్మ టీ దుకాణం దగ్గర కలిశాం. నా పని నా కళ్ళతో చూసుకోవాలని నేను నా సైకిలు మీద వెళ్ళాను. తాతబాబు పేట నుంచి తొక్కుకుంటూనే వచ్చాడు, పెట్టెల నిండా మంచులో చేపలు. మెడలో ఎర్ర తువ్వాలు. పక్కన బుట్ట నెత్తిన పెట్టుకుని పోతమ్మ. జగ్గయ్య చేతిలో బట్టల సంచీ. చక్రానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, రిమ్ముకి ఒక నిమ్మకాయ కూడా కట్టారు. పిచ్చి కాకపోతే ఏమిటని నవ్వుకున్నాను. టీ తాగాం. తాతబాబు లేచి, సైకిలెక్కి, మీట లాగి, రోడ్డు ఎత్తందుకునే చోట కాలు నొక్కాడు.

పెడలు గిర్రున ఖాళీగా తిరిగింది. చక్రం కదల్లేదు.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఖాళీ. పెట్టెల బరువుకి సైకిలు వెనక్కి జారితే నేను పరిగెత్తి పట్టుకున్నాను. ఇంకోసారి తొక్కాడు, కాళ్ళు గాలిలో తొక్కినట్టు తిరిగాయి. అతని మొహంలో రంగు పోయింది. జగ్గయ్య కిందికి చూస్తూ సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. టీ దుకాణం దగ్గర ఎవరో, "మన నేలకి పడనేదు," అన్నారు.

నేను చక్రాన్ని ఎత్తి పెడలు వెనక్కి తిప్పాను. ఫ్రీవీలు లోపల చిన్న ఇనప నాలుకలు ఉంటాయి, సన్నటి స్ప్రింగు వాటిని లేపి పట్టుకుంటుంది. తొక్కితే అవి పళ్ళకి అడ్డం పడి చక్రాన్ని తిప్పుతాయి. వెనక్కి తిప్పితే టిక్కు టిక్కుమని జారతాయి. ఆ టిక్కు వినబడలేదు. శనివారం నా కొట్టులో గడియారంలా మోగిన చప్పుడు పూర్తిగా చచ్చిపోయింది. ముక్కు దగ్గర పెట్టి చూశాను. సొర చేప నూనె కంపు, దాని వెనకే గుగ్గిలం వాసన.

"ఎవరు? ఎవరు పోసేరు దీన్లో?" అని అరిచిన అరుపుకి రామలక్ష్మమ్మ చేతిలో గ్లాసు జారిపోయింది.

పోతమ్మ బుట్ట దించింది. "నానే పోసాను."

"ఏటి పోసేవు?"

"పడవ నూనె. సొర నూనెలో గుగ్గిలం ఏసి కాసింది. తెల్లారే కాసి, ఏడి ఏడిగా, సందుసందునా పోసాను. మా ఇంట్లో ఏ పడవైనా ఇంటి ఆడది నూనె పెట్టకండా నీళ్ళలో దిగదు మేస్త్రీ. ఉప్పుగాలికి తుప్పట్టకండా, దెబ్బ తగలకండా." ఆమె రిమ్ముకి కట్టిన నిమ్మకాయ సరిచేసింది. "ఈ పాలైనా మా ఆయనికి దెబ్బ తగలకూడదనీ."

కాచిన గుగ్గిలం నూనె పడవ చెక్క సందుల్ని బంకలా మూసేస్తుంది. దాని పనే అది. వేడిగా ఉన్నంతసేపూ చక్రం తిరిగింది, మేం టీ తాగేలోపు చల్లబడి నాలుకల్ని పడుకోబెట్టేసింది. నా నోట్లోకి ఎన్ని తిట్లు వచ్చాయో లెక్కలేదు. పోతమ్మ కళ్ళు చూసి అన్నీ మింగేశాను. జీవితంలో తిట్లు మింగడం నాకు అలవాటు లేదు, గొంతు నొప్పెట్టింది.

"రామలక్ష్మమ్మా, స్టౌలో కిరసనాయిలుందా?"

"ఉన్నాది గానీ, నా టీ..."

"నీ టీ సముద్రంలో పడ. సీసా ఇలా తే!"

పెట్టెలు దించి సైకిలుని పక్కకి పడుకోబెట్టాం. ఫ్రీవీలు సందులోకి కిరసనాయిలు పోస్తూ చక్రం తిప్పాను. నల్లగా, చిక్కగా, బెల్లం పాకంలా కారింది. మళ్ళీ పోశాను. సైకిలు బోర్లించి అటు పక్క నుంచి పోశాను. పోతమ్మ తన కొంగుతో తుడుస్తోంది, వద్దంటే వినదు. తాతబాబు మాత్రం కదలకుండా రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. జగ్గయ్య వెళ్ళి అతని పక్కన కూర్చుని, సంచీ ఇద్దరి మధ్యా పెట్టాడు.

"బావ, బస్సుకి యేళవుతాది," అన్నాడు నెమ్మదిగా.

 నేను చెవి చక్రానికి ఆనించి మెల్లగా వెనక్కి తిప్పాను. ఏమీ లేదు. ఇంకొంచెం పోసి తిప్పాను. ఎక్కడో లోపల, జబ్బుమనిషి మొదటిసారి మూలిగినట్టు, ఒక్క టిక్కు.  ఇంకో టిక్కు. తర్వాత రెండు కలిసి, తర్వాత వరసగా, టిక్కు టిక్కు టిక్కు. పోతమ్మ రెండు చేతులూ జోడించి ఆ చక్రానికే దణ్ణం పెట్టింది. ఈసారి నాకు నవ్వు రాలేదు.

మంచి మిషను నూనె నాలుగు చుక్కలు వేసి లేచాను. "ఎక్కు," అన్నాను.

తాతబాబు ఎక్కాడు. కాలు నొక్కాడు. పట్టుకుంది.

మొదట తాగినవాడిలా అటూ ఇటూ తూలాడు. తర్వాత కుదురుకుంది. నేను నా సైకిలెక్కి వెనకే బయల్దేరాను. అతని కాళ్ళు చకచకా తిరుగుతున్నాయి, సైకిలు మనిషి నడక కంటే కాస్త జోరుగా పోతోంది, అంతే. కానీ ఆగడం లేదు. బలం లేని ఆ ఎడమ కాలు కూడా మడిచి, చాచి, తన వంతు తాను తిరుగుతోంది. పెట్టెల్లో మంచునీళ్ళు చుక్కలు చుక్కలుగా రోడ్డు మీద గీత గీస్తున్నాయి. నేను ఆ గీత వెంట లేచి నిలబడి తొక్కాను, పళ్ళు కొరికి తొక్కాను. సగం ఎక్కేసరికి గుండె గొంతులోకొచ్చి దిగిపోయాను. సైకిలు పుట్టు పూర్వోత్తరాలు తెలిసినవాణ్ణి, ఊళ్ళో సగం చక్రాలు నా చేతి మీద తిరిగేవి, నేను దిగి తోసుకుంటున్నాను. చేపలు మోసే కుంటివాడు కూర్చుని ఎక్కుతున్నాడు.

నాకు సిగ్గు వేయలేదు. భయంలాంటిది, భక్తిలాంటిది ఏదో ఒళ్ళంతా పాకింది. అరచేయంత లేని ఇనప గుత్తి అది. ఆ ఎత్తుని అది తగ్గించలేదు, ఆ కాలికి బలం ఇవ్వలేదు. ఉన్న ఎత్తునీ ఉన్న కాలినీ ఒకదానికొకటి సరిపెట్టింది. కళ్ళు చెమరిస్తే చెమట అని తుడుచుకున్నాను, చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా.

అతను మలుపు తిరిగి కనబడకుండా పోయాడు. నేను రొప్పుతూ పైకి చేరేసరికి బంగళాల వైపు వెళ్ళిపోయి ఉంటాడనుకున్నాను. వెళ్ళలేదు. రోడ్డు అంచున సైకిలు ఆపి, సీటు మీదే కూర్చుని, ఒక కాలు నేల మీద ఆనించి, వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

సముద్రం. మొత్తం సముద్రం. కుడి పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ మొదలుకుని ఎడమ పక్క కంటికి ఆనినంత దూరం, ఒకటే పలకలా. కింద మనుషులు నలకల్లా ఉన్నారు, పడవలు చింతగింజల్లా ఉన్నాయి.

"ఎన్నాళ్ళనుంచి ఎక్కతన్నాను ఈ రోడ్డు," అన్నాడు నా వైపు చూడకుండా. "ఎక్కినపుడు తల దించుకుని తోసుకుంటూ, దిగినపుడు బ్రేకు పట్టుకుని గుంటలు సూసుకుంటూ. తారు తప్ప ఏటీ సూడనేదు మేస్త్రీ. ఎనక ఇదుందని నాకు తెల్దు."

"సూసింది సాలు, బేగి కదులు. మంచు కరిగిపోతంది, బంగళాలోళ్ళు కాసుకునుంటారు."

అతను కదల్లేదు. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక చోటే చూస్తున్నాడు. నా సైకిలు పక్కన పడుకోబెట్టి నేనూ చూశాను. ఒడ్డుకి కాస్త దూరంలో నీళ్ళ మీద చాప పరిచినంత మేర రంగు తేడాగా, ముదురుగా ఉంది.

"మబ్బు నీడ," అన్నాను.

"మబ్బేదీ?"

తలెత్తి చూశాను. ఆకాశంలో తెల్లటి ముక్క కూడా లేదు. మళ్ళీ కిందికి చూసేసరికి ఆ ముదురు చాప జరిగింది. జరుగుతూ ఒక అంచున మిలమిల మెరిసింది.

తాతబాబు సైకిలు నా మీదికి తోసేసి దిగాడు. మెడలో ఎర్ర తువ్వాలు లాగి, రోడ్డు అంచున రాతి మీదికి పాక్కుంటూ ఎక్కి, నిలబడ్డాడు. తువ్వాలు రెండు చేతులతో ఎత్తి పెద్దగా ఎడమ వైపు ఊపాడు. ఆగాడు. మళ్ళీ ఊపాడు. ఆ ఊపు అతనికి ఎవరు నేర్పారో నాకు తెలియదు. తాతని ఎప్పుడో చిన్నప్పుడు చూసి ఉంటాడు.

కింద ఒడ్డున నలకలు కొన్ని ఆగాయి. ఒక నలక పరిగెత్తింది. ఎవరో ముసలివాడు సూపు తాత సైగ గుర్తుపట్టి ఉంటాడు, కేకలు పైదాకా వినబడ్డాయి. చింతగింజల్లో ఒకటి మెల్లగా ముందు మొన తిప్పింది. దాని వెనక ఇంకొకటి. తాతబాబు తువ్వాలు ఈసారి కుడికి విసిరి, టక్కున కిందికి దించాడు. పడవ ఆగింది. అంత దూరాన, తువ్వాలు దించితే పడవ ఆగింది!  వల నీళ్ళలోకి జారుతూ ఆ ముదురు చాప చుట్టూ సన్నటి గీత గీసింది. అతని పెదాలు కదులుతున్నాయి, కన్నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి, చేతులు మాత్రం వణకడం లేదు.

వెనక ఆయాసం వినిపించింది. జగ్గయ్య. ఎత్తంతా పరిగెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు, బట్టల సంచీ ఇంకా చేతిలోనే ఉంది. బావ కోసం వెతికి, రాతి మీద చూసి, నీళ్ళ వైపు చూసి, నోరు తెరిచాడు.

"బావ," అన్నాడు చివరికి. "మరి పెందుర్తోళ్ళకి ఏటి సెప్పమంటావు?"

తాతబాబు నీళ్ళ మీంచి కన్ను తిప్పలేదు.

"నువ్వెల్లు బావ. నాను పనిలో ఉన్నాను."

జగ్గయ్య సంచీ కింద పెట్టాడు. నేను ఆ సైకిలు పడిపోకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.